గాలి తగ్గితే గాలిమర ఉద్యోగం పోతుందా?

ప్రశ్న: మాది ఉరవకొండ దగ్గర పల్లె. మా అబ్బాయి ట్రిపుల్ఈ (ఎలక్ట్రికల్) డిప్లొమా పూర్తి చేశాడు. గాలిమరల కంపెనీలో టెక్నీషియన్‌గా రమ్మంటున్నారు. గాలి వీచేది నాలుగు నెలలే, తర్వాత తీసేస్తారేమోనని నా భయం. అంత ఎత్తు ఎక్కొద్దని వాళ్లమ్మ టెన్షన్ పడుతోంది. బీటెక్‌లో చేరడానికి డిప్లొమా వాళ్లు రాసే ఈసెట్ రాయమంటే వాడు వినడం లేదు. ఏం చేయాలి?

జవాబు: గాలి తగ్గాకే వీళ్లకు అసలు పని ఉంటుందండీ. ఆషాఢం గాలికి మర ఒక్క పూట ఆగినా నష్టమే. అందుకే బోల్టులు బిగించడం, గేర్‌బాక్స్ ఆయిల్ చూడడం లాంటి పెద్ద సర్వీసులన్నీ గాలి లేని నెలలకు పెట్టుకుంటారు. ఒకసారి నిలబెట్టిన మర 20 ఏళ్లకు పైగా నడవాలి. అన్నేళ్లూ ఎవరో ఒకరు పైకెక్కి చూడాల్సిందే.

2030 నాటికి బొగ్గు, గ్యాస్ వాడని విద్యుత్ సామర్థ్యాన్ని 5 లక్షల మెగావాట్లకు చేర్చాలన్నది కేంద్రం లక్ష్యం. అందులో గాలి వాటా సుమారు లక్ష. 2025 మార్చికి 50 వేలు దాటాం. సోలార్ ఎంత పెట్టినా పొద్దుగూకితే ఆగిపోతుంది. సాయంత్రాలు, వానాకాలం మబ్బు రోజుల్లో ఆదుకునేది గాలే. అందుకే 2022లో డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) కొనే కరెంటులో పవన విద్యుత్తుకు వేరుగా వాటా పెట్టారు.

అయితే ఒక మాట దాచను. 2017లో గాలి కరెంటు కొనుగోలుకు స్థిర ధరలు పోయి టెండర్లు రాగానే ఏటా పెట్టే కొత్త మరలు సగానికన్నా తక్కువకు పడిపోయాయి. అలాంటప్పుడు ముందు దెబ్బ తినేది నిర్మాణం పని. తిరుగుతున్న మరలకు సర్వీసు ఆగదు. కాబట్టి ఉద్యోగం ఏ విభాగంలోనో అడగండి. ఆఫర్ లెటర్ కంపెనీదా, మనుషులను సరఫరా చేసే కాంట్రాక్టరుదా? పీఎఫ్, ప్రమాద బీమా ఉన్నాయా? ఎత్తులో పనికి శిక్షణ ఇచ్చాకే ఎక్కిస్తారా? ఇందులో దేనికి నీళ్లు నమిలినా పంపొద్దు.

ఒక సైటులో నేను చూశాను. నిచ్చెన టవర్ లోపలే ఉంటుంది. ఆ కుర్రాడు నడుముకు, తొడలకు బెల్టు బిగించుకుని, కొక్కెం ఇనుప తాడుకు తగిలించి, రెండుసార్లు గట్టిగా గుంజి చూసుకున్నాకే మొదటి మెట్టు ఎక్కాడు.

సర్వీసు ఉద్యోగమైతే చేరనివ్వండి. ఈసెట్ రెండేళ్లాగి కూడా రాయొచ్చు. ఈలోగా సబ్‌స్టేషన్ పని శ్రద్ధగా నేర్చుకోమనండి, అది సోలార్‌లోనూ పనికొస్తుంది. చేరే ముందు, కంపెనీ అనుమతిస్తే, వాళ్లమ్మగారిని సైటుకు తీసుకెళ్లి ఆ బెల్టు చేత్తో పట్టుకుని చూడనివ్వండి.