తల్లిదండ్రులిద్దరికీ చూపు లేకుంటే బిడ్డను తీసుకుపోతారా?

పలమనేరులో ఉండే మీ అక్కాబావలిద్దరికీ చూపు లేదని, పుట్టిన పాపను అధికారులు ఎత్తుకుపోతారని ఇరుగుపొరుగు బెదిరిస్తున్నారని రాశారు. చూపు లేదన్న ఒక్క కారణంతో ఎవరూ తీసుకుపోలేరు. నాకూ మా ఆవిడకూ చూపు లేదు. తిరుపతిలో మా బాబు నెలల పిల్లోడుగా ఉన్నప్పుడు ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే మా ఇంటికి విచారణకు వచ్చారు.

మందు ఎట్లా కొలుస్తారని అడిగారు. మా ఆవిడ చేసి చూపించింది. డాక్టరు చెప్పిన మోతాదు దగ్గర సిరంజి కడ్డీకి గాటు పెట్టించుకున్నాం, అది గోటికి తగిలేదాకా లాగితే చాలు. టీకాల కార్డు, అంగన్‌వాడీలో తూచిన బరువు చూపించాం. రోజూ వచ్చిపోయే మా పిన్ని కూడా మాట్లాడింది. చూసుకుని వెళ్లిపోయారు. మీ అక్కావాళ్లను కూడా ఈ కాగితాలన్నీ ఒక్కచోట పెట్టుకోమనండి.

2015 బాలల న్యాయ చట్టంలో బిడ్డను చూసుకోలేని ‘అసమర్థులైన’ తల్లిదండ్రుల ప్రస్తావన ఉంది. ఎవరు అసమర్థులో శిశు సంక్షేమ కమిటీ విచారించి తేల్చాలి గానీ పక్కింటివాళ్లు కాదు. బిడ్డను సంస్థలో పెట్టడం చిట్టచివరి మార్గమని కూడా అదే చట్టం అంటుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 9వ సెక్షన్ వైకల్యమున్న బిడ్డల గురించే చెబుతుంది. తల్లిదండ్రుల వైకల్యాన్ని బట్టి బిడ్డను వేరుచేయకూడదని సూటిగా చెప్పేది ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒప్పందం 23వ అధికరణం. మన దేశం దాన్ని 2007లో ఆమోదించింది. లాయరు రాసే కాగితంలో అది తప్పక ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం, నమ్మకమైన మనిషి చదివి వినిపించకుండా దేనిమీదా వేలిముద్ర వేయనీయొద్దు. ‘కొన్నాళ్లు మేం చూసుకుంటాం’ అంటూ ఇచ్చే కాగితం బిడ్డను శాశ్వతంగా అప్పగించే పత్రం కావచ్చు. అప్పగించినా మనసు మార్చుకోవడానికి 2 నెలల గడువుంది. కమిటీ ఆర్డరు మీద 30 రోజుల్లో బాలల కోర్టుకు అప్పీలు చేయొచ్చు. లాయరుకు డబ్బు అక్కర్లేదు, దివ్యాంగులకు చిత్తూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఫోన్ 15100.

కన్నవాళ్లకు కావాల్సింది సాయం. పిల్లల సంరక్షణకు ఉన్న ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 రూపాయలు ఇస్తారు, ఆదాయ పరిమితి ఉంది. ఎవరో ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇప్పుడే అర్జీ పెట్టించండి.