టీఎన్‌1 చచ్చిందా?

బుజ్జీ,

మీ అమ్మ ఫోన్ చేసి, "దీనికి ప్లాంట్ బ్రీడింగ్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చిందే అక్కా. నీ పోలికే. ఇక బురదే దీని బతుకు" అంది. తిట్టిందో మురిసిందో నాకు అంతుపట్టలేదు. ఫోన్ పెట్టేసి చూస్తే పాలు పొంగి స్టౌ అంతా అయింది.

వరి మీదే చేస్తానన్నావట, అదీ జన్యుసవరణ. 2025 మే నెలలో ప్రభుత్వం ఆ రెండు జన్యుసవరణ రకాల సంగతి చెప్పినప్పుడు నువ్వు నాకు పేపరు ఫొటో తీసి పంపావు, గుర్తుందా? సాంబ మసూరిని సవరించి డీఆర్ఆర్ ధాన్ 100 చేశారు, ఎంటీయూ 1010ని సవరించి పూసా డీఎస్‌టీ రైస్ 1 చేశారు. నువ్వు జన్యువుల్ని కత్తిరించే కత్తెర గురించి రాశావు. నాకు మాత్రం కత్తెర వేసిన గుడ్డే ముందు కనపడింది. ఆ పాత రకాల్లో ఒకటి బాపట్లది, ఒకటి మార్టేరుది. ఎవరో ఎండలో నిలబడి ఏరిన మొక్కలవి. గర్వంగానే ఉంది తల్లీ. భయమూ ఉంది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్తే నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ ఇంకేదో చూసుకుంటావు.

తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తా. ఫీల్డ్ బుక్కు పెన్సిల్‌తోనే రాయి, వానకి సిరా కారిపోతుంది. మడిలో ట్యాగు కట్టిన చోటల్లా సంచిలోపల ఇంకో ట్యాగు వెయ్యి. ఎలుకల సంగతి చూసుకో. విత్తనం ఒక్కచోట ఎప్పుడూ పెట్టకు. మీ ల్యాబ్ ఫ్రిజ్‌లో కొంత, వేరే బిల్డింగ్‌లో కొంత, అవసరమైతే నా బీరువాలో కొంత. నవ్వకు, నా బీరువాలో ఇప్పటికీ చీరల కింద మూడు కవర్లున్నాయి.

ఎమాస్కులేషన్, అదే పువ్వులోంచి మగ భాగం తీసెయ్యడం, సాయంత్రం పూట చేస్తారు కదా. చీకటి పడితే టార్చి లేకుండా గట్టు మీద అడుగు పెట్టకు. గడ్డిలో రక్తపింజర పడుకుంటే మట్టిపెళ్లలాగే ఉంటుంది. గమ్‌బూట్లు బరువని మూల పడేస్తావు, నాకు తెలుసు. నువ్వు పెళ్లిళ్లకి కూడా చెప్పులు చేత్తో పట్టుకు తిరిగే రకం. మడిలోకి మాత్రం కుదరదు. ఇది సలహా కాదు.

చెయ్యి నిలకడ నాలుగు రోజుల్లో వస్తుంది. గింజని పైనుంచి మూడో వంతు ఏటవాలుగా కత్తిరించి, చిమటాతో ఆరు పుప్పొడి తిత్తుల్నీ లాగెయ్యాలి. ఆరూ లెక్కపెట్టుకో. అయిదు తీసి ఆరోది లోపల వదిలేస్తే అదే తల్లి, అదే తండ్రి అయి కూర్చుంటుంది, నువ్వేమో క్రాసు పడిందని స్వీట్లు పంచుతావు. బటర్ పేపర్ సంచి తొడిగి, మర్నాడు తొమ్మిదిన్నర, పది మధ్య మగ వెన్ను విప్పుకున్నాక తెచ్చి పైన దులపాలి. నెల తిరిగేసరికి కత్తిరించిన పొట్టులోంచి బియ్యపు గింజ మొన బయటికి చూస్తుంటుంది, చిన్నది, వంకరది, సగం గుడ్డ కట్టుకున్న పసిపిల్లలాగా. మొదటిసారి చూసినప్పుడు నేను దాన్ని అరచేతిలో పెట్టుకుని మా వరి పరిశోధన స్టేషన్ అంతా తిరిగాను. నలభై గింజల మీద పని చేస్తే పదకొండు నిలిచాయి. అప్పటి మా పెద్దసారు "పదకొండా? బ్రహ్మాండం" అన్నారు. అంతటి మెచ్చుకోలు నాకు మళ్లీ రిటైర్మెంటు రోజునే దొరికింది.

ఇక అసలు సంగతి. ఇది నేనెవరికీ పూర్తిగా చెప్పలేదు.

టీఎన్‌1 అంటే నీకు తెలుసు. తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం, 1956 నాటిది. ఒకప్పుడు రైతులు ఎగబడి వేశారు. ఇప్పుడు దాన్ని మనం చావడానికే వేస్తాం. వరి కాండం రసం పీల్చే సుడిదోమ పరీక్షలో ప్రతి పది కల్చర్లకీ, అంటే ఇంకా రకంగా బయటికి రాని కొత్త వరికి, ఒక వరస టీఎన్‌1, ఒక వరస దోమని తట్టుకునే పీటీబీ 33. టీఎన్‌1 మాడిపోవాలి, పీటీబీ నిలవాలి. ఆ రెండూ జరిగితేనే మధ్యలో ఉన్నవాటి గురించి నోరు విప్పే హక్కు మనకి. (పాపం, సాంబ మసూరి పుట్టుకలో ఈ టీఎన్‌1 రక్తమూ ఉంది. జీఈబీ 24 అనే పాత రకంతో దీన్ని కలిపి, ఆపైన మసూరితో కలిపారు. మనం అన్నం తింటూ నాయనమ్మని మడిలో నిలబెట్టి చంపుతున్నామన్నమాట.)

ఆ యేడు నా దగ్గర అరవై కల్చర్లున్నాయి. వాటిలో ఒకటంటే నాకు పిచ్చి. సన్న గింజ, గట్టి కాండం, పడిపోదు, అన్నం విడివిడిగా వస్తుంది. పొద్దున్నే వెళ్తే ముందు దాని దగ్గరికే వెళ్లేదాన్ని. ఆ సార్వాలో దోమ రాలేదు. వానలు ఎలా పడ్డాయో ఏమో, రాలేదంతే. దుబ్బు వంచి నీళ్లకి బెత్తెడు పైన చూస్తే ఒకటీ అరా పురుగు. స్కోరు వేసే రోజు వచ్చింది. టీఎన్‌1 వరసలు ఆకుపచ్చగా, పెళ్లికూతుళ్లలా నిలబడి ఉన్నాయి. నేను వాటిని చూశాను బుజ్జీ. చూడలేదని అబద్ధం చెప్పను. చూశాను, పుస్తకంలో నా కల్చర్ ఎదురుగా "1" వేశాను. సున్నా నుంచి తొమ్మిది వరకు స్కోరులో ఒకటి అంటే దోమని బాగా తట్టుకున్నట్టని నీకు చెప్పక్కర్లేదు. రాయాల్సింది "దోమ రాలేదు, ఈ పరీక్ష చెల్లదు" అని. ఒక్క ముక్క. కానీ మర్నాటి బస్సుకి ఇంటికి వెళ్లాలి, రిపోర్టు ఆ సాయంత్రమే ఇచ్చెయ్యాలి. పైగా నాకు అది ఒకటే అవ్వాలని ఉంది. దోమని తప్పించుకున్న మొక్కకీ, దోమని తట్టుకున్న మొక్కకీ తేడా నాకు తెలియక కాదు.

తర్వాత అది మినీకిట్లకి, అంటే రైతులు వేసి చూడ్డానికిచ్చే చిన్న విత్తనపు సంచులకి, వెళ్లింది. కాలవ చివరి ఊళ్లో ఒకాయన సంచి తీసుకుని అయిదు సెంట్లలో వేశాడు. గింజ నచ్చింది. విత్తనం దాచుకుని పెంచుకున్నాడు, రెండో సార్వాకి మూడెకరాలు పెట్టాడు. గట్టు మీద నిలబడి ఆయన "దోమకి ఆగుద్దా అమ్మా?" అని అడిగితే "ఆగుతుందండీ, మా దగ్గర ఒకటి వచ్చింది" అని చెప్పింది నేనే, నా నోటితోనే.

అక్టోబరులో కబురొచ్చింది. రోడ్డు మీంచి చూస్తే చేను పచ్చగానే ఉంది. లోపలికి దిగాక తెలిసింది. మధ్యమధ్యలో గుండ్రంగా, పళ్లెం బోర్లించినట్టు గోధుమరంగు మచ్చలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. దుబ్బు మీద చేత్తో తట్టాను. నీళ్ల మీద ఊక చల్లినట్టు దోమ పడింది. ఆ వాసన నీకూ ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. మగ్గిన గడ్డిలో చెరుకుపానకం ఒలికినట్టుంటుంది. పక్క చేలో స్వర్ణ ఉంది. దానికీ దోమ పట్టింది, కానీ వాళ్లు రెండుసార్లు మందు కొట్టి సగం దక్కించుకున్నారు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కొబ్బరిబొండం కొట్టి ఇచ్చాడు. నేను తాగుతుంటే పక్కకి చూస్తూ, "మీరు చెప్పారనే మందు కొట్టలేదమ్మా" అన్నాడు.

అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

స్టేషన్‌కి వచ్చి పాత రిపోర్టు మీద రాతపూర్వకంగా తప్పు ఒప్పుకున్నాను. ఆ కల్చర్‌ని మినీకిట్ల నుంచి తీయించాను. రెండేళ్లు నా మాటని మా సెక్షన్లో ఎవరూ పట్టించుకోలేదు, న్యాయమే. మరుసటి ఏడు ఆయన దగ్గరికి వేరే విత్తనం పట్టుకెళ్తే, "వద్దులేమ్మా, ఈసారికి స్వర్ణే వేసుకుంటా" అన్నాడు. 1982 నాటి రకం, దాని బలమేంటో బలహీనత ఏంటో ఊరందరికీ తెలుసు. చెడ్డా మంచీ తెలిసిన కోడలు నయం అనుకున్నాడేమో.

అందుకని బుజ్జీ, మీ యంత్రాలు ఏం చెప్పినా ఒక ప్రశ్న అడుగు: టీఎన్‌1 చచ్చిందా? జన్యువు ఉందని మార్కరు, అంటే డీఎన్‌ఏలోని గుర్తు, చెప్తుంది. పని చేస్తోందని మడి చెప్పాలి. ఎండాకు తెగులు కోసం సాంబ మసూరిలోకి ఎక్స్‌ఏ 21, ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5 అనే జన్యువులు తెచ్చింది హైదరాబాదులో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్లూ, వరి పరిశోధన డైరెక్టరేటు వాళ్లూ కలిసి. 2008లో అది రకంగా బయటికి వచ్చింది. మార్కరుతో ఏరడం ఒక్కటే కాదు వాళ్లు చేసింది. తెగులు తెచ్చి అంటించి ఆకు మీద మచ్చ ఎంత పొడుగు పాకిందో స్కేలుతో కొలిచారు, మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలిపి అన్నం రుచి పోకుండా చూశారు. ఆ ఓపిక చూసి నేర్చుకో. పేపరు ఆర్నెల్లు ఆలస్యంగా వస్తే ఎవరూ చావరు. మీ గైడు తొందరపెడితే నా నంబరివ్వు.

ఇలా అంటున్నానని బెంగపెట్టుకోకు. నీ చెయ్యి నాకంటే మెత్తన. చిన్నప్పుడు చిక్కుడుగింజని తడిగుడ్డలో చుట్టి మొలకొచ్చిందా అని గంటకోసారి విప్పి చూసి చంపేశావే, ఆ పిల్లవే నువ్వు. ఇప్పుడు కాస్త ఆగడం నేర్చుకుంటే చాలు.

నా చిమటా పార్సిల్లో పంపుతున్నా, కందిపొడి డబ్బాలో పెట్టాను, చూసి తియ్యి. దాని కొన కాస్త ఎడమకి వంగి ఉంటుంది, సరిచెయ్యకు, అలాగే బాగా పట్టుకుంటుంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఫీల్డ్ బుక్కు తెచ్చుకో.

ఇంకొకటి. ఆ రోజు నేను బస్సెక్కింది మీ అమ్మ పెళ్లికే. ఆ సంగతి దానికి చెప్పకు. ఇన్నేళ్ల తర్వాత తన ముహూర్తం వల్లే అనుకుని ఏడుస్తుంది.

మీ పెద్దమ్మ