బ్రేక్ ప్యాడ్లు మార్చడానికి అప్పు చేయాలా?

ప్రశ్న: ఉప్పల్ నుంచి మాదాపూర్‌కి రోజూ కారులో వెళ్లొస్తాను. రానూపోనూ 50 కి.మీ. దాకా అవుతుంది. రెండు నెలలుగా బ్రేకు నొక్కితే కీచుమంటోంది. పోయిన వారం నుంచి గరగరమంటోంది. ముందు చక్రాల ప్యాడ్లు, డిస్కులు మార్చాలని, మొత్తం 11,000 రూపాయలు అవుతుందని మెకానిక్ అంటున్నాడు. పాతవి వేయించి 22,000 కి.మీ. మాత్రమే అయింది. వారం వారం విజయవాడ వెళ్లొచ్చే మిత్రుడికి 60,000 కి.మీ. వచ్చాయట. నేను మోసపోతున్నానా? జీతం 62,000. కారు ఈఎంఐతో సహా ఇంటి ఖర్చు 45,000, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే సిప్ 8,000. ఖాతాలో ఉన్నది 4,000. క్రెడిట్ కార్డు మీద నగదు తీయనా, లోన్ యాప్‌లో తీసుకోనా?

జవాబు: రెండూ వద్దు. ముందు కారు పక్కన పెట్టండి. గరగర అంటే ప్యాడ్ మీది మెటీరియల్ మొత్తం అరిగిపోయి, వెనకున్న ఇనుప పలక, చక్రంతో పాటు తిరిగే డిస్కును గీస్తోందని అర్థం. డబ్బు సర్దుబాటయ్యే దాకా మెట్రోలో వెళ్లండి.

మెకానిక్ మీద అనుమానం అక్కర్లేదు. కొత్త ప్యాడ్ మందం 10 నుంచి 12 మి.మీ. ఉంటుంది, 3 మి.మీ.కి వస్తే మార్చేయాలి. ఆ మధ్య భాగం ఎన్నాళ్లు వస్తుందనేది కారు ఎంత దూరం తిరిగిందన్న దానికంటే ఎన్నిసార్లు ఆగిందన్న దాని మీద ఆధారపడుతుంది. నిజానికి 80 వేగం నుంచి ఒక్కసారి ఆపడం, 40 నుంచి నాలుగుసార్లు ఆపినంత పని. అయినా మీ మిత్రుడికి హైవేలో టోల్‌గేట్లు, ఊళ్ల దగ్గర తప్ప బ్రేకుతో పనే తక్కువ. మీకు ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ దాటేలోపే ఎన్ని సిగ్నళ్లో లెక్కపెట్టుకోండి. ఇలాంటి ట్రాఫిక్‌లో 20 నుంచి 35 వేల కి.మీ., హైవేలో 60 వేలు, ఆ పైన రావడం మామూలే. ఆటోమేటిక్ కారైతే ట్రాఫిక్‌లో కాలు బ్రేకు మీదే ఉంటుంది కాబట్టి ఇంకాస్త తొందరగా అరుగుతాయి. ఘాట్ రోడ్ల సంగతి వేరు. తిరుమల నుంచి దిగేటప్పుడు రెండో గేరు వేయకుండా బ్రేకు తొక్కిపట్టి వచ్చే వాళ్ల ప్యాడ్లు వేడెక్కి, పైపొర గాజులా నున్నబడి, పట్టు తప్పుతాయి.

మెకానిక్‌ని మాత్రం రెండు సంగతులు అడగండి. తీసిన ప్యాడ్లు చూపించమనండి. ఒకే చక్రానికి లోపలి ప్యాడ్ పూర్తిగా అరిగి, బయటిది సగం మిగిలి ఉంటే ప్యాడ్లను డిస్కు మీద నొక్కే క్యాలిపర్‌లోని పిన్ బిగుసుకుపోయిందన్నమాట. దాన్ని శుభ్రం చేసి గ్రీజు పెట్టకపోతే కొత్తవీ అలాగే పోతాయి. రెండోది, డిస్కు మందం కొలవమనండి. కనీస మందం ఎంతో డిస్కు మీదే అచ్చు వేసి ఉంటుంది. లేత్ మీద చదును చేశాక కూడా అంతకంటే ఎక్కువ మిగిలేటట్టయితే కొత్త డిస్కులు అక్కర్లేదు. బిల్లు సగానికి పడిపోవచ్చు.

ఇక డబ్బు సంగతి. కీచుమన్న శబ్దం ప్యాడ్ అరిగిందని చెప్పడానికే పెట్టిన రేకుది. ఆ రోజే వెళ్లుంటే ప్యాడ్లకూ కూలికీ కలిపి 3,000తో పోయేది. రెండు నెలల నిర్లక్ష్యానికి 8,000 కడుతున్నారు. ఇప్పుడు దాని మీద వడ్డీ కూడానా? కార్డు మీద నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ మొదలు. నెలకు 3.5 శాతమనుకుంటే 11,000కి 385, జీఎస్టీతో కలిపి 450 దాటుతుంది. నగదు తీసినందుకు రుసుము వేరే. లోన్ యాప్ అయితే ముందే ప్రాసెసింగ్ ఫీజు కోసుకుని మిగిలింది చేతిలో పెడుతుంది. కాంటాక్టులు, ఫొటోలు చూడ్డానికి అనుమతి అడిగిందంటే ఆర్‌బీఐ నిబంధనల్నే లెక్కచేయని యాప్ అది, ఫోన్‌లోంచి తీసేయండి. కారు లోన్ మీద ఇంకాస్త అప్పు తీసుకునే టాప్‌అప్ ఆలోచన కూడా వద్దు. బీమా అడగలేదు గానీ చెబుతున్నా, అరుగుదలకు, తరుగుదల కోయకుండా క్లెయిమ్ ఇచ్చే జీరో డిప్‌లో కూడా క్లెయిమ్ రాదు.

మీ దగ్గర డబ్బుంది. సిప్‌లో పోగైన యూనిట్లలోంచి 11,000 తీయండి, రెండు మూడు పనిదినాల్లో ఖాతాలో పడుతుంది. ఏడాది నిండని యూనిట్ల మీద సాధారణంగా ఒక శాతం ఎగ్జిట్ లోడ్ (ముందే తీసుకున్నందుకు కోత) పడుతుంది, అంటే 110 రూపాయలు. సిప్ కదిపితే ఏదో అపచారం జరిగినట్టు చాలామంది భయపడతారు. నాకు భయం వేసేది నెలకు 8,000 సిప్ కట్టే మనిషి ఖాతాలో 4,000 ఉండటం చూసి. రేపు ఉద్యోగం పోతే? ఇంట్లో ఎవరినైనా ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే? ఇది మీ ఒక్కరి తప్పు కాదు, నాకొచ్చే ఉత్తరాల్లో తరచూ కనిపించేదే. పునాది లేకుండా పైఅంతస్తు కడుతున్నారు.

జీతంలో ఖర్చులు, సిప్ పోగా మిగిలే 9,000 ఎటు పోతోందో మీరు రాయలేదు. అందులోంచి 5,000 తీసి, సిప్ ఆపితే మిగిలే 8,000 కలిపి నెలకు 13,000 అత్యవసర నిధికి మళ్లించండి. ఆ నిధి లక్ష్యం ఆరు నెలల ఖర్చు, అంటే 2,70,000. ఏడు నెలల్లో రెండు నెలల ఖర్చు పోగవుతుంది. అప్పుడు సగం సిప్ మొదలుపెట్టండి, అంతకు ముందు వద్దు. టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేకపోతే అది ఈ నెలలోనే తీసుకోండి.

అత్యవసర నిధిని బ్రేకులకు వాడకండి. బ్రేకులు అరగడం, టైర్లు అరగడం ముందే తెలిసిన ఖర్చు. సుమారుగా కిలోమీటరుకి ప్యాడ్లు 12 పైసలు, టైర్లు 40, సర్వీసు 60, బ్యాటరీ 8. మొత్తం 1.20 రూపాయలు. ఏడాదికి 15,000 కి.మీ. తిరిగితే 18,000, నెలకు 1,500. బీమా ప్రీమియం కోసం ఇంకో 1,000 కలిపి, జీతం పడిన రోజే వేరే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఈఎంఐ కట్టగలమా లేదా అని మాత్రమే చూసి కారు కొనే వాళ్లు మర్చిపోయేది ఈ 2,500నే.

కొత్త ప్యాడ్లు వేయించే రోజునే బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో చూడండి, రెండేళ్లు దాటితే మార్పించండి. తర్వాత ప్రతి 10,000 కి.మీ. సర్వీసులో ప్యాడ్ మందం ఎంతుందో బిల్లు మీద రాయించుకోండి. 5 మి.మీ. కనబడిందంటే ఆ డిపాజిట్‌లో 3,000 ఉన్నాయో లేదో చూసుకోండి.