కొలువు చేసినవాడల్లా కొలిచినవాడేనా?

సందేహం: యిర్మీయా గ్రంథంలో దేవుడు బబులోను రాజు నెబుకద్రెజరును ‘నా సేవకుడు’ అంటాడు. యెరూషలేము దేవాలయాన్ని తగలబెట్టించిన విగ్రహారాధకుణ్ని అలా అనడం అనువాద దోషమా?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: దోషం కాదు. హెబ్రీలో అక్కడున్న మాట ‘ఎబెద్’. బానిసకూ, రాజోద్యోగికీ, మోషే దావీదులంతటి భక్తులకూ అదే మాట. చిక్కంతా మనం ‘సేవకుడు’ను వాడే తీరులో ఉంది. ఏ ఫ్లెక్సీ చూసినా పాస్టరుగారి పేరు ముందే ‘దైవసేవకులు’. అలా వాడి వాడి ఆ మాటను భక్తికి సర్టిఫికెట్ చేసేశాం. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ వచ్చిన నాటి నుంచి వాక్యం వింటున్న గుంటూరులో కూడా ఇలా జరగడం బాధగా ఉంది.

అచ్చతెలుగు ‘కొలువు’ చూడండి. కొలుచు అంటే పూజించడం. (కొలత సంగతి వేరు.) దేవుడి కొలువూ, రాజసభా, నెలజీతపు ఉద్యోగమూ అన్నీ కొలువే. కొలువులో ఉన్నవాళ్లంతా యజమానిని మనసారా కొలుస్తారా? నెబుకద్రెజరు యెహోవా కొలువు చేశాడు గాని, అప్పటికి యెహోవాను కొలవలేదు. అతణ్ని సేవకుడన్న ఆ 25వ అధ్యాయంలోనే, డెబ్బై ఏళ్లు నిండాక బబులోను రాజును దోషానికి తగినట్టు శిక్షిస్తానని కూడా ఉంది. యూదుడు కాని పారసీక రాజు కోరెషును బైబిలు ‘అభిషిక్తుడు’ అనడమూ ఇలాంటిదే.

ఈ భావం తెలుగు చెవికి కొత్తదేమీ కాదు. ఎవరి బలం చూసుకుని ఎదిరిస్తున్నావని హిరణ్యకశిపుడు గద్దిస్తే పోతన ప్రహ్లాదుడు ఏమన్నాడు?

బలయుతులకు దుర్బలులకు
బలమెవ్వఁడు? నీకు నాకు బ్రహ్మాదులకున్
బలమెవ్వఁడు? ప్రాణులకును
బలమెవ్వం డట్టి విభుఁడు బలమసురేంద్రా!

‘నీకు నాకు’ అని పక్కపక్కన పెట్టడంలో ఉంది పోతన గొప్పతనం. చంపబోయేవాడి బలమూ, చావబోయేవాడి బలమూ ఒకచోటి నుంచే వచ్చాయి. అలాగని హిరణ్యకశిపుడు మంచివాడైపోలేదు. మతాలు వేరు, సందర్భాలు వేరు, నిజమే. అయినా పైనుండి ఇయ్యబడితే తప్ప నామీద నీకు ఏ అధికారమూ ఉండదని యేసు తనను విచారిస్తున్న రోమా అధిపతి పిలాతుతో అన్న మాట చదివినప్పుడల్లా నాకు ఈ పద్యమే గుర్తొస్తుంది. అక్కడా పిలాతుకు పాపం లేదనలేదు.

ఇప్పటి పాలకులను ‘దేవుని సేవకుడు’ అనవచ్చా? రోమా చక్రవర్తి నీరో ఏలుతున్న రోజుల్లోనే అపొస్తలుడైన పౌలు అధికారులను ‘దేవుని పరిచారకులు’ అన్నాడు కనుక తప్పని చెప్పలేను. కాని ఎన్నికల సభలో అంటే, జనానికి ‘దేవుడు మెచ్చినవాడు’ అని వినిపిస్తుంది. అక్కడ మానుకోవడమే మేలేమో.