టెక్ సందేహాలు: వెంట రావాల్సింది సెట్టింగులు, సామానంతా కాదు

ప్రశ్న: మా ఆఫీసులో 18 కంప్యూటర్లు, ఒక విండోస్ సర్వర్ ఉన్నాయి. డొమైన్ కంట్రోలర్ (అందరి లాగిన్లనూ ఒకేచోట చూసుకునేది), ఫైల్ సర్వర్ రెండూ అదే. సిబ్బందికి స్థిరమైన సీట్లు లేవు. ఎవరు ఎక్కడ కూర్చున్నా తమ డెస్క్‌టాప్ కనిపించాలని రోమింగ్ ప్రొఫైల్ పెట్టాను. డిస్కులు నిండిపోకుండా, లాగాఫ్ కాగానే కంప్యూటర్‌లోని కాపీ తొలగిపోయేలా పాలసీ కూడా ఇచ్చాను. ఇప్పుడు ఉదయం లాగిన్ కావడానికి ఆరేడు నిమిషాలు పడుతోంది. కొందరికి ఒక్కోసారి ఖాళీ డెస్క్‌టాప్ వస్తోంది. పైగా సర్వర్‌లో వాళ్ల ఫోల్డర్లు తెరవబోతే, అడ్మినిస్ట్రేటర్‌నైన నాకే అనుమతి లేదంటోంది. ఏం చేయాలి?

జవాబు: మీవి మూడు ఫిర్యాదులు, మూడింటికీ కారణాలు వేరు. ముందు ఆలస్యం సంగతి చూద్దాం. సిబ్బంది రోజూ మిమ్మల్ని తిట్టుకునేది దానికే కదా.

రోమింగ్ ప్రొఫైల్ అనగానే ఫైళ్లు సర్వర్‌లోనే ఉండి అక్కడి నుంచే తెరుచుకుంటాయని చాలామంది అనుకుంటారు. జరిగేది అది కాదు. లాగిన్ అయినప్పుడు ప్రొఫైల్ (ఆ యూజర్ సెట్టింగులు, ఫైళ్లు) దాదాపు మొత్తం సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకి కాపీ అవుతుంది. రోజంతా పని ఆ కాపీ మీదే సాగుతుంది. లాగాఫ్ అయినప్పుడు మారినవన్నీ తిరిగి సర్వర్‌కు వెళతాయి. కాబట్టి ప్రొఫైల్ ఎంత లావైతే లాగిన్ అంత ఆలస్యం. డెస్క్‌టాప్ మీద పడేసిన వీడియోలు, డౌన్‌లోడ్స్‌లో ఏడాదిగా పేరుకున్న ఇన్‌స్టాలర్లు, ఫోన్ నుంచి దించుకున్న ఫోటోలు, అన్నీ ప్రొఫైల్ కిందికే వస్తాయి. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, సీటు మారిన ప్రతిసారీ ఆ సరంజామా అంతా మనిషి వెంట నడుస్తోంది.

ఒక్కొక్కరి ప్రొఫైల్ 4 జీబీ ఉందనుకోండి. నెట్‌వర్క్ స్విచ్ పాతదై 100 ఎంబీపీఎస్ వేగంతో పనిచేస్తుంటే, సెకనుకు 12.5 ఎంబీకి మించి రావు. అంటే ఒక్కరికే ఐదు నిమిషాలు దాటుతుంది. గిగాబిట్ స్విచ్ అయితే అర నిమిషంలో అయిపోవాలి. కానీ పది మంది ఒకేసారి వచ్చి కూర్చుంటే అందరూ పంచుకోవాల్సింది సర్వర్‌కున్న ఆ ఒక్క కేబుల్‌నే, మళ్లీ ఐదు నిమిషాలే. ఇదంతా కాగితం మీది లెక్క. వేల సంఖ్యలో చిన్న చిన్న ఫైళ్లుంటే నిజంలో ఇంకా నిదానిస్తుంది.

మామూలుగా అదే కంప్యూటర్‌లో రెండోసారి లాగిన్ అయితే మారిన ఫైళ్లు మాత్రమే దిగుతాయి. ఆ సౌలభ్యాన్ని మీ పాలసీ తీసేసింది. కాపీ లేదు కాబట్టి నిన్న కూర్చున్న సీట్లోనే ఇవాళ కూర్చున్నా మొదటి నుంచి అంతా దిగాల్సిందే. అవుట్‌లుక్ వాడేవారికి ఇంకో దెబ్బ. మెయిల్స్ కాపీ ఉండే ఓఎస్‌టీ ఫైలు యాప్‌డేటా (ప్రోగ్రాములు తమ సమాచారం దాచుకునే ఫోల్డర్)లోని లోకల్ ఫోల్డర్‌లో ఉంటుంది. ఆ లోకల్ ఫోల్డర్ అసలు రోమ్ కాదు, అంటే సర్వర్‌కు వెళ్లదు. లాగాఫ్‌తో ప్రొఫైల్ పోతే అదీ పోతుంది, మర్నాడు మెయిలంతా మళ్లీ దిగాలి. ఆ పాలసీని ఈరోజే తీసేయండి. డిస్కు నిండుతుందన్న భయం ఉంటే, ఇన్ని రోజులుగా వాడని ప్రొఫైళ్లను రీస్టార్ట్ అయినప్పుడు తొలగించే పాలసీ వేరే ఉంది. దానికి 30 రోజులో, 60 రోజులో ఇవ్వండి.

అసలు మందు ఫోల్డర్ రీడైరెక్షన్. డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లను గ్రూప్ పాలసీ (కంప్యూటర్లన్నిటికీ ఒకేచోటి నుంచి నియమాలిచ్చే ఏర్పాటు)తో సర్వర్‌లోని ఒక షేర్‌కు, అంటే నెట్‌వర్క్‌లో పంచిన ఫోల్డర్‌కు మళ్లిస్తే, అవి ప్రొఫైల్‌లోంచి బయటపడతాయి. లాగిన్‌లో కాపీ కావు, తెరిచినప్పుడే సర్వర్ నుంచి వస్తాయి. ప్రొఫైల్‌లో మిగిలేది సెట్టింగులు, యాప్‌డేటాలోని రోమింగ్ భాగం, మరికొన్ని చిల్లర ఫైళ్లు. నన్నడిగితే రీడైరెక్షన్ లేకుండా రోమింగ్ ప్రొఫైల్ పెట్టనే కూడదు. చాలా చిన్న ఆఫీసులకు రీడైరెక్షన్ ఒక్కటే సరిపోతుంది కూడా. వాల్‌పేపర్, మౌస్ వేగం వెంట రాకపోతే పని ఆగిపోయేవారు ఎంతమంది ఉంటారు?

అయితే యాప్‌డేటాను మాత్రం రీడైరెక్ట్ చేయవద్దు. విండోస్ అందుకు వీలిస్తుంది, సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. కానీ ప్రోగ్రాములు ఆ ఫోల్డర్‌ను క్షణక్షణం తడుముతుంటాయి. ప్రతి తడుమూ నెట్‌వర్క్ దాటి రావాలంటే కంప్యూటర్ మొత్తం నత్తనడకన సాగుతుంది. అవుట్‌లుక్ మెయిల్స్ దాచే పీఎస్‌టీ ఫైళ్లతోనూ జాగ్రత్త. అవి సాధారణంగా డాక్యుమెంట్స్‌లో చేరతాయి, రీడైరెక్షన్‌తో సర్వర్‌కు వెళ్లిపోతాయి. పీఎస్‌టీని నెట్‌వర్క్ మీద తెరిచి వాడటాన్ని మైక్రోసాఫ్ట్ సమర్థించదు. ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది.

రీడైరెక్షన్‌కు, ప్రొఫైళ్లకు వేర్వేరు షేర్లు పెట్టండి. ప్రొఫైళ్ల షేర్‌లో ఆఫ్‌లైన్ కాషింగ్ (సర్వర్ ఫైళ్ల కాపీని కంప్యూటర్‌లో దాచుకోవడం) పూర్తిగా ఆపేయాలి. ప్రొఫైల్‌కు తన సొంత కాపీ పద్ధతి ఉంది, రెండోది తోడైతే రెండూ కొట్టుకుంటాయి. రీడైరెక్ట్ చేసిన ఫోల్డర్లను విండోస్ తనంతట తాను ఆఫ్‌లైన్‌లో దాచుకుంటుంది. సీట్లు మారే మీ ఆఫీసులో ప్రతి కంప్యూటర్‌లోనూ అందరి ఫైళ్లూ చేరతాయి కాబట్టి, దాన్ని కూడా పాలసీతో ఆపేయండి.

ఇక అనుమతుల సంగతి. మీకు తలుపు తెరుచుకోకపోవడం లోపం కాదు, దాని స్వభావమే అది. ప్రొఫైల్ ఫోల్డర్ మొదటిసారి తయారైనప్పుడు విండోస్ దాన్ని ఆ యూజర్‌కు, సిస్టమ్‌కు (విండోస్ సొంత అకౌంట్‌కు) మాత్రమే ఇస్తుంది. అడ్మినిస్ట్రేటర్ల గ్రూపును కూడా చేర్చే పాలసీ ఉంది: 'యాడ్ ద అడ్మినిస్ట్రేటర్స్ సెక్యూరిటీ గ్రూప్ టు రోమింగ్ యూజర్ ప్రొఫైల్స్'. దీనిలో రెండు మెలికలున్నాయి. ఇది సర్వర్‌కు కాదు, సిబ్బంది వాడే కంప్యూటర్లకు వర్తించాలి. ఫోల్డర్ తయారుకాక ముందే వర్తించాలి. ఇప్పటికే ఉన్న ఫోల్డర్ల మీద దాని ప్రభావం ఏమీ ఉండదు.

అలాగని ఉన్న ఫోల్డర్ల ఓనర్‌షిప్‌ను మీ పేరు మీదికి లాక్కోవద్దు. లాగిన్ సమయంలో విండోస్ ఆ ఫోల్డర్ యజమాని ఎవరో చూస్తుంది. ఆ యూజరో, అడ్మినిస్ట్రేటర్ల గ్రూపో కాకుండా మరో వ్యక్తి పేరు కనిపిస్తే ప్రొఫైల్‌ను దించడానికి నిరాకరిస్తుంది. మీరు ఇప్పటికే ఒకరిద్దరి ఫోల్డర్లలో ఈ ప్రయోగం చేసి ఉంటే, ఖాళీ డెస్క్‌టాప్‌కు అదీ ఒక కారణం కావచ్చు.

కొత్తగా పెట్టేవారు ప్రొఫైళ్లన్నీ ఉండే పై ఫోల్డర్‌కు అనుమతులు ఇలా ఇవ్వాలి. పైనుంచి వచ్చే వారసత్వ అనుమతులు తీసేయండి. సిస్టమ్‌కు పూర్తి అధికారం. క్రియేటర్ ఓనర్‌కు, అంటే ఫోల్డర్‌ను తయారుచేసినవారికి పూర్తి అధికారం, కానీ లోపలి ఫోల్డర్లు, ఫైళ్ల మీద మాత్రమే. సిబ్బంది గ్రూపుకు లోపలున్న పేర్ల జాబితా చూడటం, కొత్త ఫోల్డర్ చేసుకోవడం అనే రెండు హక్కులు చాలు, అవి కూడా ఆ పై ఫోల్డర్ వరకే. దీంతో ఎవరి ఫోల్డర్‌ను వారు తయారుచేసుకోగలరు, పక్కవారిది తెరవలేరు. షేర్ పేరు చివర డాలర్ గుర్తు పెడితే నెట్‌వర్క్ జాబితాలో కనిపించదు. యూజర్ అకౌంట్‌లోని ప్రొఫైల్ పాత్ గడిలో షేర్ చిరునామా రాసి, చివర శాతం గుర్తుల మధ్య యూజర్‌నేమ్ అని ఇస్తే చాలు, పేరును విండోస్ నింపుకుంటుంది. ఆ ఫోల్డర్‌ను ముందుగా మీ చేత్తో తయారుచేయకండి. మొదటిసారి లాగాఫ్ అయ్యే సరికి అదే తయారవుతుంది.

ఖాళీ డెస్క్‌టాప్ విషయానికొస్తే, అది టెంపరరీ ప్రొఫైల్, అసలుది అందనప్పుడు విండోస్ ఇచ్చే తాత్కాలిక ప్రొఫైల్. ముందుగా సిబ్బందికి ఒక మాట గట్టిగా చెప్పండి: ఆ డెస్క్‌టాప్ కనిపిస్తే ఏమీ సేవ్ చేయకుండా లాగాఫ్ కావాలి. అందులో దాచినవి లాగాఫ్‌తో మాయమవుతాయి. ఆ తర్వాత ఆ కంప్యూటర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి అప్లికేషన్ లాగ్ చూడండి. 1521 నంబరు ఈవెంట్ ఉంటే సర్వర్‌లోని కాపీ అందలేదని అర్థం. 1511 ఉంటే కంప్యూటర్‌లోని ప్రొఫైల్ దొరక్క టెంపరరీ ఇచ్చిందని అర్థం. 1521 కనిపించినప్పుడు నేను మొదట చూసేది డీఎన్ఎస్ (పేరును బట్టి కంప్యూటర్ చిరునామా చెప్పే సేవ). కంప్యూటర్‌లో డీఎన్ఎస్ చిరునామాగా డొమైన్ కంట్రోలర్ ఒక్కటే ఉండాలి. రెండోదిగా ఇంటర్నెట్ రౌటర్‌నో, బయటి డీఎన్ఎస్‌నో ఇస్తే అంతా బాగున్నట్టే ఉండి, అప్పుడప్పుడు సర్వర్ దొరకదు. 'ఒక్కోసారి' అన్న మీ మాట వింటే నాకు అనుమానం అటే పోతోంది.

1511కు ఎక్కువగా మనుషులే కారణం. డిస్కులో చోటు కోసం సీ డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్‌కు వెళ్లి ఎవరి పేరో డిలీట్ చేస్తారు. ఫోల్డర్ పోతుంది, రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగుల ఖాతా)లోని ప్రొఫైల్‌లిస్ట్‌లో దాని చిరునామా మిగులుతుంది. విండోస్ అక్కడికి వెళ్లి వెతికి, దొరక్క టెంపరరీ ఇస్తుంది. ప్రొఫైల్ తీసేయాలంటే సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కు వెళ్లి, యూజర్ ప్రొఫైల్స్ జాబితాలోంచే తీయాలి. అప్పుడు రెండూ కలిసి పోతాయి.

మీరు అడగలేదు కానీ, సీట్లు మారే ఆఫీసు కాబట్టి చెబుతున్నాను. ఒకే వ్యక్తి రెండు కంప్యూటర్లలో ఒకేసారి లాగిన్ అయి ఉంటే, సెట్టింగులన్నీ ఉండే ఎన్‌టీయూజర్.డాట్ అనే ఒక్క ఫైలు దగ్గర చిక్కొస్తుంది. అది రిజిస్ట్రీ ఫైలు, రెండింటినీ కలపడం కుదరదు. చివరగా లాగాఫ్ అయిన కంప్యూటర్‌దే చెల్లుతుంది. స్క్రీన్ లాక్ చేసి ఇంకో సీటుకు వెళ్లే అలవాటున్నవారు, నిన్న మార్చిన సెట్టింగు ఇవాళ పోయిందని మీ దగ్గరికి వచ్చేది అందుకే.

ప్రశ్న: ఒకరి పేరుతో సర్వర్‌లో రెండు ఫోల్డర్లున్నాయి. ఒకదాని చివర వీ2, రెండోదాని చివర వీ6 అని ఉంది. ఏది తీసేయాలి?

జవాబు: తొందరపడి ఏదీ తీయకండి. వీ2 విండోస్ 7 నాటిది. విండోస్ 10 మొదట్లో వీ5 వాడింది, 1607 వెర్షన్ నుంచి వీ6. విండోస్ 11ది కూడా వీ6. ఇవి ఒకదాని సెట్టింగులు ఒకటి చదవవు. పాత, కొత్త విండోస్‌లు రెండూ ఉన్న ఆఫీసులో ఒకే మనిషికి రెండు వేర్వేరు ప్రపంచాలుంటాయి, రెండింటికీ ఉమ్మడిగా మిగిలేది రీడైరెక్ట్ చేసిన ఫోల్డర్లు మాత్రమే. పాత విండోస్ కంప్యూటర్ ఆఫీసులో ఒక్కటీ లేదని తేలాక, వీ2లో దాచుకున్న ఫైళ్లేమైనా ఉన్నాయేమో చూసి, అప్పుడు తొలగించండి. ప్రొఫైల్ పాత్‌లో మాత్రం ఈ వీ6 వంటివి మీరు రాయకూడదు, విండోస్ తానే చేర్చుకుంటుంది.

ప్రశ్న: మాకు నాలుగు కంప్యూటర్లు, ఒక నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె ఉన్నాయి. డొమైన్ లేదు. రోమింగ్ ప్రొఫైల్ పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోకండి. డొమైన్ లేనప్పుడు నాలుగు కంప్యూటర్లలో ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇచ్చినా విండోస్ లెక్కలో వాళ్లు నలుగురు వేర్వేరు మనుషులు. లోపలి గుర్తింపు సంఖ్య ప్రతి కంప్యూటర్‌లోనూ మారిపోతుంది. ప్రొఫైల్ అనుమతులన్నీ ఆ సంఖ్యతోనే ముడిపడి ఉంటాయి. డొమైన్ కావాలంటే విండోస్ సర్వరే కొనక్కర్లేదు. 2012 డిసెంబరులో వచ్చిన సాంబా 4.0 సాఫ్ట్‌వేర్ నుంచి లైనక్స్ యంత్రం కూడా యాక్టివ్ డైరెక్టరీ (విండోస్ డొమైన్ వ్యవస్థ) డొమైన్ కంట్రోలర్‌గా పనిచేయగలదు. కాకపోతే విండోస్ హోమ్ ఎడిషన్ ఏ డొమైన్‌లోనూ చేరదు. నాలుగు కంప్యూటర్లకు ఇంత శ్రమ అనవసరం. ఫైళ్లు ఆ పెట్టెలో పెట్టుకుని, బ్రౌజర్ బుక్‌మార్కులకు బ్రౌజర్ సింక్ వాడుకోండి.

ప్రశ్న: శిక్షణ గదిలో ప్రతి బ్యాచ్‌కూ డెస్క్‌టాప్ మొదట ఎలా ఉందో అలాగే రావాలి. ఎలా?

జవాబు: దీనికి మాండేటరీ ప్రొఫైల్ ఉంది. ఒక ప్రొఫైల్‌ను నచ్చినట్టు సిద్ధం చేసి సర్వర్‌లో పెట్టి, ఎన్‌టీయూజర్.డాట్ పేరును ఎన్‌టీయూజర్.మ్యాన్ అని మార్చాలి. అది దాగి ఉండే ఫైలు, ఎక్స్‌ప్లోరర్‌లో దాచినవి చూపించమంటేనే కనిపిస్తుంది. ఆపైన విద్యార్థులు ఏం మార్చినా లాగాఫ్‌తో పోతుంది.

ప్రశ్న: అందరి డాక్యుమెంట్లూ సర్వర్‌కు చేరాయి. షాడో కాపీలు (ఫైళ్ల పాత రూపాలను దాచే ఏర్పాటు) ఆన్ చేశాను. ఇక బ్యాకప్ అక్కర్లేదు కదా?

జవాబు: అక్కర ఇప్పుడే ఎక్కువైంది. ఇదివరకు ఒక డిస్కు పోతే ఒకరి పని పోయేది, ఇప్పుడు అందరిదీ పోతుంది. షాడో కాపీలు పనికొచ్చేవే. ఎవరైనా ఫైలు చెరిపేస్తే ప్రీవియస్ వెర్షన్స్ నుంచి వాళ్లే వెనక్కి తెచ్చుకోగలరు. డిఫాల్ట్‌గా సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 7 గంటలకు, మధ్యాహ్నం 12 గంటలకు తీస్తుంది, ఒక వాల్యూమ్‌కు 64 కాపీల వరకు ఉంచుతుంది. కానీ అవి సాధారణంగా అదే డిస్కులో ఉంటాయి. డిస్కు చెడితే అవీ పోతాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్‌లు మొదట చెరిపేది వాటినే. సర్వర్‌కు ఎప్పుడూ తగిలించి ఉండని ఇంకో డిస్కులోకి బ్యాకప్ వెళ్లాలి. నెలకోసారి అందులోంచి ఒక ఫైలును నిజంగా తెరిచి చూడండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లు ఇంటికి తీసుకెళ్లేవారికి కూడా ఇదే ఏర్పాటు పనిచేస్తుందా?

జవాబు: పనిచేస్తుంది, విసిగిస్తుంది. ల్యాప్‌టాప్ ఉన్న మనిషి సీటు మారితే కంప్యూటర్ కూడా వెంటే వెళుతుంది, ప్రొఫైల్‌ను విడిగా పంపాల్సిన పనేముంది? ల్యాప్‌టాప్‌లన్నిటినీ యాక్టివ్ డైరెక్టరీలో ఒక విడి ఓయూ (పాలసీలు విడిగా ఇవ్వడానికి చేసుకునే విభాగం)లో పెట్టి, లోకల్ ప్రొఫైళ్లను మాత్రమే అనుమతించే పాలసీని వాటికి ఇవ్వండి. డాక్యుమెంట్స్ రీడైరెక్షన్‌ను, ఆఫ్‌లైన్ ఫైళ్లను ఉంచండి. ఇంట్లో చేసిన మార్పులు ఆఫీసు నెట్‌వర్క్‌కు తగలగానే సర్వర్‌కు చేరతాయి. ఆఫ్‌లైన్ ఫైళ్లను ఆపే పాలసీ ఇచ్చి ఉంటే, ల్యాప్‌టాప్‌లు వాడేవారిని దానిలోంచి మినహాయించడం మరచిపోకండి. అది కంప్యూటర్‌కు కాక యూజర్‌కు వర్తించే పాలసీ కాబట్టి, ఓయూ మార్చినంత మాత్రాన దాని నుంచి తప్పించుకోలేరు.