పరిశోధన పత్రికను ఆన్‌లైన్‌కు తెచ్చే ముందు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ కళాశాల విజ్ఞాన పత్రికను ఆన్‌లైన్‌లోకి తెచ్చే బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. సంచికల పీడీఎఫ్‌లను కళాశాల వెబ్‌సైట్‌లో పెట్టడమా, వాణిజ్య ప్రచురణ సంస్థకు అప్పగించడమా, సొంతంగా నడుపుకోవడమా అని అడిగావు. సొంతంగా నడుపుకోమనే నా సలహా.

మొదటి దారిలో ఖర్చు లేదు. కానీ సంచిక మొత్తాన్ని ఒకే పీడీఎఫ్‌గా పెడితే పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ అందులోని వ్యాసాలను విడివిడిగా గుర్తించలేదు. ఒక్కో వ్యాసానికి సొంత పేజీ, సొంత ఫైలు ఉండాలి. పైగా కళాశాల వెబ్‌సైట్‌ను కొత్తగా తీర్చిదిద్దిన ప్రతిసారీ పాత లింకులు చెడిపోతాయి. పేజీ తిప్పినట్టు కనబడే ఫ్లిప్‌బుక్ చేసిస్తామని ఎవరైనా వస్తే మర్యాదగా సాగనంపు. అది పెళ్లి ఆల్బమ్‌కు బాగుంటుంది.

ఇక ప్రచురణ సంస్థల సంగతి. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తన పత్రికలను స్ప్రింగర్‌తో కలిసి ప్రచురిస్తూనే, వ్యాసాలను తన వెబ్‌సైట్‌లో కూడా ఉచితంగా ఉంచుతోంది. అంతటి పలుకుబడి మన చిన్న పత్రికకు లేదు కనుక, పత్రిక పేరు ఎవరిది, డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) ఎవరిది, ఒప్పందం ముగిశాక ఫైళ్లన్నీ తిరిగి ఇస్తారా అనే ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు రాకుండా సంతకం చేయవద్దు.

సొంతంగా నడపడానికి కెనడాకు చెందిన పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్ రూపొందించిన ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ ఉంది. 2001 నుంచి ఉచితంగా లభిస్తున్న ఈ సాఫ్ట్‌వేర్‌లో రచయిత వ్యాసం పంపడం మొదలు సమీక్ష, సవరణ, ప్రచురణ వరకు అన్నీ ఒకేచోట జరుగుతాయి. సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ సర్వరు, నిర్వహణ ఉచితం కావు. భద్రతా అప్‌డేట్‌లు వేయకుండా వదిలేసిన సైట్లలో జూదం ప్రకటనలు వచ్చి చేరడం కొత్తేమీ కాదు. ఆ పని చూసే మనిషి ఎవరో ముందే తేల్చుకో. డొమైన్‌ను నీ పేరు మీద కాక కళాశాల పేరు మీదే నమోదు చేయించు.

నీవు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది ఫాంట్ల మీద. విజయవాడ డీటీపీ కేంద్రాల్లో తెలుగు పేజీలు చాలావరకు ‘అను’ అనే పాత తరహా ఫాంట్లలోనే తయారవుతాయి. తెరమీద అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేసి చూడు, అర్థం లేని ఆంగ్ల అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. 2021లో మన మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు గురించి మీరు ఆ ఫాంట్లలో తెలుగు సారాంశం వేశారనుకో, ఆ పేరుతో వెతికే రైతుకు అది ఎప్పటికీ కనబడదు. కాబట్టి తెలుగు సారాంశాలు, శీర్షికలు ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లోనే తీసుకో. యూనికోడ్‌లో చేసినా పీడీఎఫ్‌లో ఒత్తులు, గుణింతాలు కాపీ చేసేటప్పుడు తారుమారు కావచ్చు. అందుకని సారాంశాన్ని వ్యాసం పేజీలో మామూలు వెబ్ పాఠంగా కూడా ఉంచు.

ఆన్‌లైన్ రూపానికి వేరే ఐఎస్‌ఎస్‌ఎన్, అంటే పత్రికను గుర్తించే సంఖ్య, కావాలి. దాన్ని న్యూఢిల్లీలోని సీఎస్‌ఐఆర్-నిస్పర్ నుంచి ఉచితంగా పొందవచ్చు, అయితే ఆ సంఖ్య నాణ్యతకు ధ్రువపత్రం కాదు. ఒక్కో వ్యాసానికి శాశ్వత గుర్తింపుగా ఉండే డీఓఐ కోసం, వాటిని నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థలో సభ్యత్వం తీసుకోవాలి. ఏటా రుసుము ఉంటుంది. వెబ్ చిరునామా మారిన ప్రతిసారీ అక్కడ కూడా మార్చకపోతే ఆ డీఓఐ ఉండీ లేనట్టే. నమ్మదగిన పత్రికల పేర్లతో ఉండే కేర్ జాబితాను యూజీసీ 2025లో నిలిపివేసింది కనుక, సమీక్ష పద్ధతి, సంపాదక వర్గం, రుసుములు, లైసెన్సు వివరాలను దాపరికం లేకుండా సైట్‌లో పెట్టడమే ఇక మీ పత్రిక విశ్వసనీయతకు ఆధారం. అందరికీ ఉచితంగా చదవదొరికే పత్రికల సూచిక అయిన డీఓఏజే కూడా పత్రికను చేర్చుకునే ముందు ఇవే చూస్తుంది, రుసుము మాత్రం అడగదు.

పాత సంచికలన్నీ ఒక్కసారిగా స్కాన్ చేయించాలని తొందరపడకు. రచయితల అనుమతి లభించిన వాటిని, ఇటీవలి సంపుటాలతో మొదలుపెట్టి, వెనక్కి ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ వెళ్లు. డీటీపీ వారితో మాట్లాడేందుకు వెళ్లే ముందు ఒక వ్యాసం మూల ఫైలు నాకు పంపు, చూసి చెబుతాను.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు