పిప్ ఎక్కించింది ఒక పైథాన్‌లోకి, షెల్ నడిచేది ఇంకో పైథాన్‌తో

ప్రశ్న: టెర్మినల్‌లో పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే టూల్) పాండాస్ (డేటా లైబ్రరీ) కొత్త వెర్షన్ వేశాను. 'సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్' అని వచ్చింది. ఐపైథాన్ షెల్ తెరిచి ఇంపోర్ట్ చేస్తే 'నంపై డీటైప్ సైజ్ ఛేంజ్డ్' అని ఎర్రర్. మూడుసార్లు తీసేసి మళ్లీ వేశాను. ముందు సుడో (అడ్మిన్ అధికారంతో కమాండ్ నడిపేది) పెట్టి వేస్తే పోతుందని సీనియర్ ఒకరు చెప్పారు. వేయొచ్చా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని

జవాబు: వద్దు. ఐపైథాన్‌లోనే, పైథాన్‌తో వచ్చే సిస్ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసి, 'సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్' కొట్టండి. షెల్‌ను నడిపిస్తున్న పైథాన్ ఎక్కడుందో చూపిస్తుంది. టెర్మినల్‌లో పిప్ వెర్షన్ అడిగితే అది ఏ పైథాన్‌కి చెందిందో చివర్లో ఉంటుంది. మీ విషయంలో ఈ రెండూ కలవవనే నా అనుమానం. మూడుసార్లూ కొత్త పాండాస్ వేరే పైథాన్‌లోకి వెళ్లింది. షెల్‌కు కనిపించేది ఇంకా ఆ పాతదే.

పాండాస్ ఆధారపడే లెక్కల లైబ్రరీ నంపై. 2024 జూన్‌లో వచ్చిన నంపై 2.0లో లోపలి అమరిక మారింది. ఎర్రర్ చివరి లైనులో 96, 88 అనే అంకెలు ఉన్నాయా? నంపై 1తో కంపైలైన పాత పాండాస్ 96 బైట్లు ఉంటాయనుకుంది, దొరికినవి 88. పాండాస్ 2.2.2 నుంచి ఈ తగాదా లేదు. షెల్ లోపలే పిప్ ముందు శాతం గుర్తు పెట్టి పాండాస్‌ను అప్‌గ్రేడ్ చేయండి (%pip install --upgrade pandas), ఆ పైథాన్‌లోకే వెళ్తుంది. తర్వాత షెల్ మూసి తెరవండి. ఒకసారి లోడైన మాడ్యూల్‌ను షెల్ వదలదు, అదే సెషన్‌లో ఎన్నిసార్లు ఇంపోర్ట్ చేసినా పాతదే ఇస్తుంది.

ఇక సుడో. నన్ను నిజంగా భయపెట్టేది ఇదే. కొన్ని ప్యాకేజీలు ఇన్‌స్టాల్ అవుతుండగానే తమ కోడ్ నడుపుతాయి. సుడో పెడితే ఆ కోడ్ చేతికి మిషన్ మొత్తం ఇచ్చేసినట్టే. టెర్మినల్ అక్షరాలకు రంగులద్దే కలరామా పేరులో ఒక 'యు' అదనంగా చేర్చి ఎవరో పెట్టిన నకిలీ ప్యాకేజీ 2018లో బయటపడింది. కాపీ చేసిన బిట్‌కాయిన్ అడ్రస్‌ను అది పేస్ట్ చేసేలోపే మార్చేసేది. 2022 డిసెంబర్‌లో ఏఐ లైబ్రరీ పైటార్చ్ నైట్లీ (రోజూ వచ్చే ప్రయోగాత్మక వెర్షన్) వాడేవాళ్లకు టార్చ్‌ట్రైటన్ పేరుతో దొంగ ప్యాకేజీ దిగింది. అందులోని ట్రైటన్ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేయగానే ఎస్‌ఎస్‌హెచ్ కీలు (సర్వర్లలోకి లాగిన్ అయ్యే రహస్య ఫైళ్లు) ఉండే ఫోల్డర్‌నే బయటికి పంపింది. అక్కడ పేరు తప్పు కొట్టినవాళ్లు కూడా ఎవరూ లేరు.

లినక్స్‌లో ఒక రకమైన డెబియన్ 12 తన సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌ను రానివ్వకపోవడం మంచి నిర్ణయం. కానీ ఆ అడ్డు ఎలా దాటాలో ఎర్రర్ మెసేజ్‌లోనే రాసిపెట్టారు. తలుపుకి తాళం వేసి తాళంచెవి గుమ్మానికే తగిలిస్తే ఎవరాగుతారు? 'సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్' పక్కన ఏ పైథాన్‌లోకి అన్న ముక్క చేర్చి ఉంటే ఈ ఫిర్యాదు నాకు ఇన్నిసార్లు వచ్చేదే కాదు. సరిచేయడానికి ఒక్క లైను చాలు, ఏళ్లుగా చేయలేదు.

ప్రాజెక్టుకో వెన్వ్ (ఆ ప్రాజెక్టుకే విడిగా ఉండే పైథాన్) పెట్టుకోండి, ఐపైథాన్‌ను కూడా అందులోనే వేయండి.

ఇప్పటికే సుడోతో వేసేసి ఉంటే పిప్ లిస్ట్ తీసి ప్రతి పేరు స్పెల్లింగ్ చూడండి. మీరు వేయనిది, మీకు తెలియనిది కనిపిస్తే నెట్ తీసేసి, వేరే మిషన్ నుంచి పాస్‌వర్డ్‌లు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు మార్చండి. పాండాస్ సంగతి ఆ తర్వాత.